పార్కులో పాట, పాట మధ్యలో బేరం

1983 జులై 21 సాయంత్రం న్యూయార్క్ సెంట్రల్ పార్కులోని గ్రేట్ లాన్ జనంతో కిక్కిరిసిపోయింది. పాడేది డయానా రాస్. టికెట్ లేదు. కచేరీ మొదలైన కాసేపటికే ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన అందుకుంది. ఆమె తడుస్తూనే పాడారు, తొక్కిసలాట జరగకుండా నెమ్మదిగా వెళ్లమని జనాన్ని బతిమాలారు, రేపు మళ్లీ వస్తానన్నారు. అన్నట్టే మర్నాడు వచ్చి పాడారు. ఆ రాత్రి ఇళ్లకు వెళ్తున్న జనం మీద అల్లరిమూకలు పడి దోచుకోవడంతో ఆ మంచిపేరుకూ కొంత మచ్చ పడింది.

అమెరికాలో పాటల గురించి రాసేవాళ్లందరూ ఆ వానకథే చెబుతారు. డబ్బు కథ మాత్రం తక్కువమంది చెబుతారు. కచేరీ ఉచితమే. కానీ దాని పేరు మీద అమ్మే జ్ఞాపికల మీద, టీవీ ప్రసారం మీద వచ్చే రాబడిలో కొంత పార్కులో పిల్లల ఆటస్థలానికి ఇస్తామని ముందే మాట ఇచ్చారు. ఒక రోజు అనుకున్న కచేరీ రెండు రోజులైంది, ఖర్చు పెరిగింది. లెక్కలు చూసేసరికి ఆటస్థలానికి మిగిలిందేమీ లేదు. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. చివరికి రాస్ తన డబ్బు రెండున్నర లక్షల డాలర్లు ఇస్తే, 1986లో పార్కు పడమటి వైపు 81వ వీధి దగ్గర ఆ ఆటస్థలం తెరుచుకుంది. ఇప్పటికీ అది ఆమె పేరుతోనే ఉంది.

ఉచిత కచేరీ అంటే డబ్బుతో పనిలేని కచేరీ కాదు. గేటు దగ్గర చేతులు మారాల్సిన డబ్బు గడ్డి మీద చేతులు మారుతుంది, అంతే. ఆ గడ్డి మీద ఎవరు అమ్మొచ్చు, ఎవరు చేయి చాచొచ్చు, వినేవాడికి ఎంత దగ్గరికి రావొచ్చు, వచ్చిన డబ్బు ఎవరి జేబులోకి వెళ్తుంది... ఇవేవీ తేల్చకుండా మైకు సెట్టు బిగించేస్తే తర్వాత మిగిలేది కొట్లాటే.

మనకు ఇది కొత్త తగువేమీ కాదు. హరికథ మధ్యలో హారతి పళ్లెం జనంలోకి వచ్చేది. బుర్రకథలకూ, వీధి భాగవతాలకూ, పద్యనాటకాలకూ చదివింపులుండేవి. ఫలానా వీధి ఫలానా వారు నూటపదహార్లు చదివించారని మైకులో పేరు వినిపిస్తే ఇచ్చినాయన పంచె సర్దుకుని చుట్టూ ఓసారి చూసుకునేవాడు. ఆ పేరు కోసమే ఇంకొకాయన రెండొందలు తీసేవాడు. అది అడుక్కోవడం కాదు, అమ్మకమూ కాదు, రెండింటికీ మధ్య ఏదో మర్యాద. అయితే దానికీ ఒక కట్టుబాటుంది. సాధారణంగా ఒక ఘట్టం ముగిశాకే పళ్లెం లేచేది. వేయించిన బఠాణీలు, మరమరాల ఉండల గంపలు పందిరి అంచునే, చిమ్నీ దీపాల వెలుగులోనే ఉండేవి. ఆ గంపవాళ్లు ఊరందరికీ తెలిసినవాళ్లు. పద్యం ఎత్తుకోగానే నోరు కట్టేసుకునేవాళ్లు, లేకపోతే ముందు వరుసలోని పెద్దమనిషి కసిరే కసురుకు ఆ రాత్రి బేరమే పోయేది.

ఇప్పుడు ఆ పెద్దమనిషి లేడు. వచ్చేది వందమంది కాదు, వేలమంది. పక్కవాడెవడో పక్కవాడికి తెలియదు. 2021 ఆగస్టు చివర్లో హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపేసి రోడ్డును జనానికి వదిలారు. సండే ఫండే అన్నారు. బ్యాండ్ మేళాలు, వెలుగుల హంగులు, తినుబండారాల స్టాళ్లు, పిల్లల కేరింతలు. ఆ అక్టోబరులో పాతబస్తీలోనూ ‘ఏక్ శామ్ చార్మినార్ కే నామ్’ మొదలైంది. నగరంలో కార్లకు తప్ప మనుషులకు చోటులేదని ఎప్పుడూ గొణిగేవాళ్లు సైతం ఆ సాయంత్రాలను మెచ్చుకున్నారు. విశాఖ బీచ్ రోడ్డులో ఉత్సవాలైనా, శిల్పారామం ఆరుబయలు రంగస్థలమైనా, కాలనీ పార్కులో ఉగాది పాటల సభైనా జనం ఎందుకొస్తారంటే ఒకటే కారణం. రావడానికి డబ్బక్కర్లేదు.

అలాంటి ఒక సాయంత్రం మూడో వరుసలో గడ్డి మీద కూర్చున్న మనిషి చుట్టూ ఏం జరుగుతుందో కాస్త దగ్గర్నుంచి చూడాలి. వేదిక మీద అమ్మాయి ‘నగుమోము’ ఎత్తుకుని ఉంటుంది. ఎదురుగా పీచుమిఠాయి కర్ర అడ్డం నిలబడుతుంది. అది జరిగేలోపు మెరుపు బెలూన్లతను వచ్చి, అడక్కుండానే ఒక బెలూన్ పాప చేతిలో పెట్టేస్తాడు. ధర తర్వాత చెబుతాడు, ఎందుకంటే ఇప్పుడు లాక్కుంటే పాప ఏడుస్తుంది, ఆ సంగతి తండ్రి కంటే అతనికే బాగా తెలుసు. వెనకనుంచి టై కట్టుకున్న కుర్రాడు వంగి, సార్ లైఫ్‌టైమ్ ఫ్రీ క్రెడిట్ కార్డ్ అంటాడు. ఇంకో ఇద్దరు ఊరవతల వెంచర్ కరపత్రాలు ఒళ్లో పడేసి పోతారు. లామినేషన్ చేసిన పసిబిడ్డ ఫొటో మెళ్లో వేసుకున్న వాలంటీరమ్మ ఫోన్ చూపించి స్కాన్ చేయమంటుంది. లక్కీ డ్రా పెట్టె పట్టుకొచ్చినాయన డబ్బేమీ అడగడు, పేరూ ఫోన్ నంబరూ రాయమంటాడంతే. ఈలోగా పల్లవి, అనుపల్లవి, చరణం అన్నీ అయిపోయి జనం చప్పట్లు కొడుతుంటారు.

వీళ్లందరిలో అసలు నష్టం చేసేదెవరు? పీచుమిఠాయి వల్ల పోయేది ఇరవై రూపాయలు, ఒక నిమిషం పాట. లక్కీ డ్రా చీటీ మీద రాసిన నంబరు మాత్రం ఎవరెవరి చేతులు మారుతుందో రాసినవాడికి ఎప్పటికీ తెలియదు. కానీ సభలో క్రమశిక్షణ పెట్టాలని ఎవరికైనా బుద్ధి పుడితే లాఠీ ముందు తగిలేది మిఠాయి కర్రకే. టై కట్టుకున్న కుర్రాడికి స్పాన్సర్ పాస్ ఉంటుంది మరి. ఉచిత కచేరీల్లో అమ్మకాలను, అడుక్కోవడాలను నియంత్రించాలి, సందేహం లేదు. అయితే ఆ నియంత్రణ ఎవరు అమ్ముతున్నారన్నది చూడకూడదు. ఎక్కడ, ఎప్పుడు అన్నవే చూడాలి. వినేవాడి చుట్టూ ఒక గీత గీసి, ఆ గీత లోపలికి బెలూన్లవాడిని రానివ్వనప్పుడు బ్యాంకువాడినీ రానివ్వకూడదు.

ఈ గీత ఎలా గీయాలన్న దాని మీద అమెరికా కోర్టులు చాలాకాలం తల బద్దలు కొట్టుకున్నాయి. విచిత్రం ఏమిటంటే అందులో ముఖ్యమైన తగువు మనవాళ్లకు బాగా తెలిసిన ఇస్కాన్ సంస్థది.

మినెసోటా రాష్ట్రంలో ఏటా జరిగే స్టేట్ ఫెయిర్ మన నాంపల్లి నుమాయిష్ కంటే ఎన్నో రెట్లు పెద్దది. ఆ తగువు నాటికి అది 125 ఎకరాల మైదానం. కోర్టు తీర్పులో ఉన్న లెక్క ప్రకారం ఆ రోజుల్లోనే మామూలు రోజుల్లో సగటున లక్షా పదిహేను వేలమంది, శని ఆదివారాల్లో లక్షా అరవై వేలమంది వచ్చేవారు. అక్కడొక నిబంధన ఉండేది. ఏ వస్తువైనా అమ్మాలన్నా, కాగితాలు పంచాలన్నా, విరాళం అడగాలన్నా అద్దెకు తీసుకున్న స్టాలు దగ్గరే చేయాలి, జనంలో తిరుగుతూ చేయకూడదు. హరే కృష్ణ భక్తులకు ఇది మింగుడు పడలేదు. జనంలోకి వెళ్లి పుస్తకాలు ఇచ్చి విరాళం అడగడం తమ సంకీర్తన ధర్మంలో భాగమన్నారు. 1977లో ఫెయిర్ మొదలవడానికి ముందు రోజే కోర్టుకెక్కారు. రాష్ట్ర సుప్రీంకోర్టు వాళ్ల వైపే మొగ్గింది. 1981 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగ్గొట్టింది.

తీర్పు వెనక తర్కం ఇంగితజ్ఞానం లాగే ఉంటుంది. భక్తులు తిరుగుతూ తమ మాట చెప్పుకోవచ్చు, ఎవరితోనైనా వాదించవచ్చు, దానికి అడ్డులేదు. డబ్బు చేతులు మారే పని మాత్రం ఒకచోట ఉండి చేయాలి. ఎందుకంటే డబ్బు అడిగితే మనిషి ఆగుతాడు, జేబు తడుముకుంటాడు, చిల్లర కోసం చూస్తాడు, వెనక వచ్చేవాళ్లూ ఆగుతారు. ఒక్క ఇస్కాన్‌కు మినహాయింపు ఇస్తే మిగతా మతాలు, పార్టీలు, ధర్మసంస్థలు అన్నిటికీ ఇవ్వాల్సిందే, అప్పుడిక మైదానంలో నడిచే దారే ఉండదు. స్టాళ్లు మొదట వచ్చినవారికి మొదట అన్న పద్ధతిలో ఇస్తున్నారు కాబట్టి అధికారులు తమకు గిట్టనివాళ్లను పక్కకు నెట్టే అవకాశమూ లేదు. కాగితాలు ఊరికే పంచిపెట్టడాన్ని కూడా స్టాలుకే కట్టేయడం ఎక్కువని నలుగురు న్యాయమూర్తులు అభ్యంతరం చెప్పారు. అమ్మకాన్నీ, విరాళం అడగడాన్నీ స్టాలుకు పరిమితం చేయొచ్చన్న దగ్గర మాత్రం తొమ్మిదిమందిదీ ఒకే మాట.

పదకొండేళ్ల తర్వాత, 1992లో, అదే ఇస్కాన్ న్యూయార్క్ విమానాశ్రయాల గురించి మళ్లీ అదే కోర్టు మెట్లెక్కింది. టెర్మినల్‌లో తిరుగుతూ డబ్బు అడగడాన్ని నిషేధించవచ్చని కోర్టు చెప్పింది, కరపత్రం చేతికివ్వడాన్ని మాత్రం నిషేధించకూడదంది. కరపత్రం ఇష్టమైతే తీసుకుంటాం, లేకపోతే మడిచి జేబులో పెట్టుకుని తర్వాత చూస్తాం. డబ్బు అడిగినవాడికి అక్కడికక్కడ జవాబు చెప్పాలి. ఈ తేడా కచేరీ గడ్డికి అచ్చంగా సరిపోతుంది. అడిగినవాడు ఎదురుగా నిలబడి ఉంటే వినేవాడి చెవి పాట మీద ఉండదు, ఇవ్వకపోతే ఏమనుకుంటాడో అన్న దాని మీద ఉంటుంది.

కథ ఇక్కడితో అయిపోతే అధికారులకు పండగే. అయితే 2009లో సియాటిల్ నుంచి ఇంకో తీర్పు వచ్చింది. అక్కడి సియాటిల్ సెంటర్ 1962 ప్రపంచ ప్రదర్శన కోసం తీర్చిదిద్దిన 80 ఎకరాల బహిరంగ స్థలం. సందర్శకులు ఎక్కువ కాబట్టి వీధి కళాకారులూ ఎక్కువే. నగరం వాళ్లకు నియమాలు పెట్టింది. పర్మిట్ తీసుకోవాలి, బ్యాడ్జీ పెట్టుకోవాలి, చూపించిన చోట్లే ఆడాలి, టోపీ ముందు పెట్టుకోవచ్చు కానీ నోరు తెరిచి డబ్బడగకూడదు, క్యూలో నిలబడ్డవారికీ, కచేరీ వింటున్నవారికీ 30 అడుగుల లోపల ఎవరూ ఏ ప్రచారమూ చేయకూడదు. బెలూన్లతో బొమ్మలు చేసే ఒక గారడీ కళాకారుడు కోర్టుకు వెళ్తే, తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు విస్తృత ధర్మాసనం పర్మిట్, డబ్బడగొద్దన్న నియమం, 30 అడుగుల నియమం అన్నిటినీ కొట్టేసింది. ఒక్క మనిషి పార్కులో నిలబడి గారడీ చేయడానికి ప్రభుత్వం దగ్గర ముందుగా చీటీ తీసుకోవాలా అన్నది కోర్టు ప్రశ్న. పార్కుకు వచ్చినవాళ్లు బందీలు కారు, ఇష్టం లేకపోతే మొహం తిప్పుకోవచ్చు, లేచి పక్కకు పోవచ్చు అంది.

మొహం తిప్పుకోవచ్చన్న సగం అక్షరాలా నిజం. లేచి పోవచ్చన్న రెండో సగం చెప్పిన న్యాయమూర్తులు బహుశా ఆరుబయట కచేరీలో చంటిపిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చుని ఉండరు. రెండు గంటలు ముందొచ్చి దుప్పటి పరుచుకుని పట్టుకున్న చోటు వదిలి లేస్తే మళ్లీ ఆ చోటు దొరకదు. నడిచే దారిలో ఉన్నవాడూ, వినడానికి కూర్చున్నవాడూ ఒకటి కాదు. అయినా సియాటిల్ తీర్పును మనం పారేయకూడదు. నియంత్రణ పేరుతో మొదట గొంతు నొక్కేది ఒంటరి కళాకారుడిదేనని అది గుర్తుచేస్తుంది. మన దగ్గర ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం భిక్షాటనకు ఇచ్చిన నిర్వచనంలో పాడటం, ఆడటం, జోస్యం చెప్పడం, ఏదైనా వస్తువు అమ్మజూపడం కూడా అడుక్కోవడానికి సాకులుగా చేరిపోయాయి. ఆ లెక్కన త్యాగయ్య ఉంఛవృత్తికి బయల్దేరినా ఠాణాకు తీసుకెళ్లొచ్చు. ఢిల్లీలో అమలవుతున్న ఆ చట్టంలోని ప్రధానమైన సెక్షన్లను 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. అలాంటి చూపు మాత్రం కోర్టు తీర్పుతో పోదు.

సరే, అడుక్కోవడం సంగతి అలా ఉంచి అమ్మకం దగ్గరికి వద్దాం. మన నగరాల్లో పార్కు కార్యక్రమం అనగానే అధికారులకు తోచే మొదటి ఉపాయం టెండరు. తినుబండారాలన్నీ ఒక కాంట్రాక్టరుకు అప్పజెప్పేస్తే వసూలూ సులువు, బాధ్యతా అతనిదే. ఈ దారి ఎక్కడికి పోతుందో తెలుసుకోవాలంటే మళ్లీ సెంట్రల్ పార్కుకే వెళ్లాలి. అక్కడ బండి పెట్టుకునే చోట్లకు పార్కుల శాఖ వేలం వేస్తుంది. జూ దారి దగ్గర, ఫిఫ్త్ అవెన్యూ మీద 62వ వీధి మలుపులో ఒక్క హాట్‌డాగ్ బండికి ఏడాదికి 2,89,500 డాలర్లు పలికినట్టు 2013లో పత్రికలు రాశాయి. ఆ డబ్బంతా ఎక్కడి నుంచి రావాలి? సాసేజీ మీదనే రావాలి. ఇంకోపక్క నగరంలో మామూలు వస్తువులమ్మే వీధి వ్యాపారుల లైసెన్సులను 1979లో 853కు బిగించేశారు, దశాబ్దాలపాటు ఆ అంకె కదల్లేదు. లైసెన్సు దొరకనివాడు అమ్మడం మానేస్తాడా? దొంగచాటుగా అమ్ముతాడు, జరిమానా కడతాడు, మళ్లీ అమ్ముతాడు. చిత్రాలు, ఫొటోలు, శిల్పాలు అమ్మేవాళ్లకు లైసెన్సు అక్కర్లేదని 1996లో ఒక ఫెడరల్ కోర్టు అంటే వాళ్లు పార్కు దారుల్లో కుప్పలుగా చేరారు. అప్పుడు 2010లో నగరం రద్దీ ఎక్కువగా ఉండే పార్కుల్లో వాళ్లకు చోట్లు గుర్తించి, అక్కడే అమ్మాలంది. దాన్ని కోర్టు 2013లో నిలబెట్టింది. ఏం అమ్ముతున్నావన్న ప్రశ్నతో మొదలై ఎక్కడ అమ్ముతున్నావన్న ప్రశ్న దగ్గరికి రావడానికి ఆ నగరానికి పదిహేనేళ్లకు పైగా పట్టింది.

కాలిఫోర్నియా ఇంకాస్త మేలైన దారి పట్టింది. అక్కడ 2018లో చేసిన చట్టం వీధి వ్యాపారాన్ని నేరాల జాబితాలోంచి తీసేసింది. పార్కుల్లో తిరిగి అమ్మేవాళ్లను నగరాలు నియంత్రించవచ్చు. అయితే అందుకు ఆరోగ్యం, భద్రత, పార్కు సహజ స్వరూపం లాంటి చూపించగలిగిన కారణం ఉండాలి. పక్క దుకాణంవాడికి పోటీ అవుతోందనీ, కాలనీవాళ్లకు నచ్చడం లేదనీ అంటే చెల్లదని ఆ చట్టం విడిగా రాసింది. ఈ ఒక్క వాక్యం తెచ్చుకుంటే మన కాలనీ సంక్షేమ సంఘాల ఫిర్యాదుల్లో సగం వీగిపోతాయి.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లకు ఈ క్రమశిక్షణ కొత్తకాదు. కౌంటీ పార్కులో వనభోజనాలకు షెల్టరు బుక్ చేసుకుంటారు, బతుకమ్మకు మైకు పర్మిషన్ తెచ్చుకుంటారు, ఇడ్లీలు అమ్మాలంటే ఆరోగ్యశాఖ తాత్కాలిక పర్మిట్ కోసం ఫారాలు నింపుతారు. ఇక్కడికి వచ్చాక అదే మనుషులు పార్కు గేటుకు అడ్డంగా కారు పెట్టి మిర్చిబజ్జీ కట్టించుకోవడం వేరే సంగతి.

మన దగ్గర చట్టం లేక కాదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టంలో వీధి వ్యాపారికి ఇచ్చిన నిర్వచనం చదివితే అందులో రోడ్డు, ఫుట్‌పాత్‌తో పాటు పబ్లిక్ పార్కు అన్న మాట స్పష్టంగా కనిపిస్తుంది. అంటే పార్కులో బఠాణీలమ్మే మనిషి చట్టం కళ్లకు చొరబాటుదారు కాదు, వ్యాపారి. పట్టణ విక్రయ కమిటీ వేయాలి, అందులో 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడోవంతు మహిళలుండాలి. ఖాళీ చేయించాలంటే 30 రోజుల నోటీసు. సరుకు జప్తు చేస్తే జాబితా ఇవ్వాలి. అడగ్గానే పాడైపోయే సరుకును అదే రోజు, మిగతాదాన్ని రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. అంతకుముందే 1989లో సోదాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, వీధిలో వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కేనని, దానికి సహేతుకమైన హద్దులు పెట్టొచ్చని చెప్పింది. కచేరీ రోజు వచ్చేసరికి ఇవన్నీ గాలికిపోతాయి. వీఐపీ వస్తున్నారంటే ఏడాది పొడవునా ఆ పార్కు గేటు దగ్గరే బతికే బండ్లను మధ్యాహ్నానికే తోలేసి, ఆ జాగాలో స్పాన్సర్ల గుడారాలు వేస్తారు. కచేరీ జనంతో నాలుగు డబ్బులు కళ్లజూడాల్సిన రోజే ఆ బండివాడికి పస్తు.

అసలు అమ్మకాలే లేకుండా చేయలేమా అని అడిగేవారున్నారు. చేయొచ్చు, ఎవరో ఒకరు మొత్తం ఖర్చు భరిస్తే. శాన్‌ఫ్రాన్సిస్కోలో వారెన్ హెల్మన్ అనే పెట్టుబడిదారు, తానే బాంజో వాయించే సరదా మనిషి, 2001లో గోల్డెన్‌గేట్ పార్కులో ఉచిత బ్లూగ్రాస్ సంగీతోత్సవం మొదలుపెట్టాడు. కంపెనీల ప్రకటనలు లేవు, టికెట్ లేదు, ఖర్చు అంతా ఆయనదే. 2011లో ఆయన చనిపోయినా ఆయన వదిలివెళ్లిన నిధితో ఉత్సవం నడుస్తోంది. ఏటా అక్టోబరు మొదట్లో లక్షలమంది వస్తారు. అక్కడా తిండి స్టాళ్లు ఉంటాయి, ఎందుకంటే లక్షలమందికి ఆకలేస్తుంది. వేదిక వెనక బ్యాంకు పేరు మాత్రం ఉండదు. ఇంకా చిన్న ఉదాహరణ చెన్నైలో ఉంది. ఆంధ్రపత్రికనూ అమృతాంజనాన్నీ నడిపిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు పేరిట మైలాపూర్‌లో ఉన్న పార్కులో నెలకో ఆదివారం పిల్లల కచేరీలు పెడుతున్నారు. మైకు ఉండదు. వినాలంటే దగ్గరగా వచ్చి కూర్చోవాలి, నోరు మూసుకోవాలి. అలాంటి సభలో అమ్ముకునేవాడి కేక ఒక్కటి చాలు, వర్ణం ఎక్కడుందో పాడే పిల్లే మర్చిపోతుంది. హెల్మన్‌లు ఊరికొకరు పుట్టరు, మైకు లేని కచేరీలో వేలమంది పట్టరు. మిగతా సభలన్నిటికీ నిబంధన కావాల్సిందే.

ఆ నిబంధన పెద్ద గ్రంథం కానక్కర్లేదు. వేదిక ముందు జనం కూర్చునే మేరకు సున్నంతో గీత గీయాలి. పాట సాగుతున్నంతసేపూ గీత లోపల ఎవరూ ఏదీ అమ్మకూడదు, అడగకూడదు, ఫారం నింపించకూడదు. మిఠాయికీ, మ్యూచువల్ ఫండుకూ, పార్టీ సభ్యత్వానికీ, అనాథాశ్రమం విరాళానికీ ఇదే వర్తించాలి. పాడేవారి కోసం వేదిక పక్కన ఒక హుండీ, ఒక క్యూఆర్ బోర్డు ఉండొచ్చు. విరామంలో ఒకసారి మైకులో చెప్పొచ్చు, హారతి పళ్లెం కాలం నుంచీ అది వాళ్ల హక్కు. గీత బయట చోట్లు ముందే కొలిచి పెట్టాలి. అందులో సగమైనా ఆ పార్కు చుట్టూ ఏడాదంతా అమ్ముకునే, విక్రయ సర్టిఫికెట్ ఉన్న వ్యాపారులకు, మిగతావి లాటరీలో. వేలం వద్దు. అద్దె అందరికీ ఒకటే, స్పాన్సరుకైనా సరే, స్టాలు కొలతా ఒకటే. ధరల పట్టిక కనబడాలి. చేతిలో సరుకు పట్టుకుని తిరిగేవాళ్లు గీత బయట ఎప్పుడైనా, లోపల విరామంలో మాత్రమే తిరగాలి. కరపత్రాలు గేటు దగ్గర ఇచ్చుకోవచ్చు. ఫోన్ నంబర్లు సేకరించే లక్కీ డ్రాలు గీత లోపలేం ఖర్మ, పార్కులోనే ఉండకూడదు. ఇక్కడ సందేహానికి తావే లేదు, ఉచితంగా పాట వినడానికి వచ్చిన మనిషి వివరాలు ఎవరి సొత్తూ కాదు.

మంచినీళ్లు మాత్రం నిర్వాహకులు ఉచితంగా ఇవ్వాలి. అది లేనిచోట నీళ్ల బాటిలు అమ్మేవాడే సభకు అసలు అధ్యక్షుడు. ఉచిత పాసుల సంగతీ ఇక్కడే తేల్చేయాలి. వీఐపీ గ్యాలరీ కోసం పాసులిస్తే అవి బయట అమ్ముడుపోతాయి. సెంట్రల్ పార్కులో ఉచిత షేక్‌స్పియర్ నాటకాల టికెట్లే ఆన్‌లైన్‌లో అమ్ముకున్నారు, ఉచితంగా ఇచ్చిన టికెట్‌ను అమ్మకూడదని న్యూయార్క్ రాష్ట్రం 2022లో చట్టమే చేయాల్సి వచ్చింది. పాసులు వద్దనుకుంటే ఆ బాధే లేదు.

ఈ నియమాలను చూసుకోవాల్సింది పోలీసులు కాదు, మున్సిపల్ సిబ్బంది. పోలీసు చేతిలో పెడితే అది మళ్లీ లాఠీ, మామూళ్లు, వ్యాను అవుతుంది. గీత దాటినవాడిని మొదటిసారి బయటికి పంపాలి. మళ్లీ దాటితే ఆ రోజుకు స్టాలు మూయించాలి. దాటింది స్పాన్సరు మనుషులైతే వచ్చే ఏడాది ఆ కంపెనీ పేరు బ్యానరు మీద ఉండకూడదు. అలా ఒక్కసారి జరిగితే చాలు, టై కుర్రాళ్లు తమంతట తామే గీత బయట నిలబడతారు.

మరొకటి, రాబడి ఖర్చుల లెక్క. స్టాళ్ల అద్దె ఎంత వచ్చింది, స్పాన్సర్లు ఎంత ఇచ్చారు, కళాకారులకు ఎంత ముట్టింది, పార్కు గడ్డి బాగుచేయడానికి ఎంత పోయింది అన్నది నెలలోపు పార్కు గేటు దగ్గరే బోర్డు పెట్టాలి. డయానా రాస్ కచేరీలో చెడ్డపేరు తెచ్చింది వాన కాదు, ఈ లెక్కే. ఆమె స్థోమత ఉన్న గాయని కాబట్టి సొంత డబ్బుతో సర్దేశారు. మన కాలనీ పార్కులో పాడిన అమ్మాయికి శాలువా తప్ప ఇంకేమీ దక్కలేదన్నది ఆ బోర్డు మీద కనపడితే, వచ్చే ఏడు కమిటీవాళ్లు కాస్త సిగ్గుపడతారేమో.

ఇంత చిన్న విషయానికి ఇన్ని నియమాలా అనిపించవచ్చు. శబ్దానికి మాత్రం మనకు 2000 సంవత్సరం నుంచే దేశవ్యాప్త నిబంధనలున్నాయి, రాత్రి 10 దాటితే మైకు ఆపాలని చిన్నపిల్లలకూ తెలుసు. మైకు వాడాలంటే అనుమతి కాగితం కావాలి. ఆ కాగితం ఎటూ ఇస్తున్నారు కాబట్టి, జీహెచ్‌ఎంసీ అయినా, విశాఖ, విజయవాడ, వరంగల్ నగరపాలక సంస్థలైనా దానికి ఇంకో పేజీ జతచేయాలి. గీత ఎక్కడ, స్టాళ్లు ఎవరికి, అద్దె ఎంత, బయటి బండ్లకు ఏ జాగా అన్నవి ఆ పేజీలో రాసి, కచేరీకి వారం ముందు పట్టణ విక్రయ కమిటీ ముందు పెట్టాలి. ఆ కమిటీ సమావేశమై ఎన్నాళ్లయిందో మీ వార్డు కార్యాలయంలో ఈ వారమే అడిగి చూడండి.